దేవులాట

కంప్యూటర్‌ ‘దొరకలేదు’ అంటే మనిషి ‘లేదు’ అని చెప్పేస్తాడు. ఆ రెండు మాటల మధ్య ఎంత దూరముందో తేల్చుకోవడానికి కోట్‌పల్లిలో ఓ మేనమామా మేనల్లుడూ ఆరు ఆదివారాలు వాదించుకున్నారు.

ఆయన కంప్యూటర్‌లో ఒకప్పుడు ఓ కుక్క ఉండేది.

పేరు రోవర్‌. ఫైలు వెతకమంటే చాలు, తెర పక్కన తోకాడిస్తూ ప్రత్యక్షమయ్యేది. ‘ఏం వెతకాలి? ఫొటోలా, పాటలా, డాక్యుమెంట్లా?’ అని అడిగేది. 2001లో వచ్చిన విండోస్‌ ఎక్స్‌పీతో పాటు ఊరూరికీ చేరిన కుక్క అది. నిజానికి అంతకు ఆరేళ్ల ముందే, 1995లో, మైక్రోసాఫ్ట్‌ బాబ్‌ అనే ప్రోగ్రామ్‌లో పుట్టింది. బాబ్‌ నిలవలేదు. కుక్క మాత్రం బతికి బట్టకట్టింది. కంప్యూటర్‌ చదువులు చదివిన కుర్రాళ్లు దాన్ని చూసి నవ్వి ఆపేసేవాళ్లు. ఆయన ఆపలేదు. షాపులో ఒంటరిగా కూర్చునే వేళ అదో తోడు.

కోట్‌పల్లిలో ఆయనది చిన్న షాపు. 2005లో తెరిచినప్పుడు బోర్డు మీద ‘జిరాక్స్‌, డీటీపీ, లామినేషన్‌’ అని మూడే మాటలు. తర్వాత స్కానింగ్‌ చేరింది. ఆన్‌లైన్‌ చేరింది. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్‌ చేతులు దులిపేసుకుంది. కొత్త కంప్యూటర్‌ వచ్చింది, కుక్క పోయింది. పని మాత్రం పెరుగుతూనే ఉంది. పెళ్లి పత్రికలు, దశదిన కర్మ కార్డులు, కిరాయి ఒప్పందాలు, బ్యాంకు లోను దరఖాస్తులు, పట్టాదారు పాసుపుస్తకాల నకళ్లు... చుట్టుపక్కల ఊళ్ల కాగితాలు ఎన్నో ఆ గదిలోంచే వెళ్లాయి. వెళ్లినవన్నీ ఒక కాపీని కంప్యూటర్‌లో వదిలి వెళ్లాయి. ‘మళ్ల ఎప్పుడన్న అడుగుతరు’ అన్నది ఆయన లెక్క.

అడగనే అడిగారు.

అవి కంది కోతల రోజులు. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న తాండూరు కంది పండే నేల ఇది. కోతలప్పుడు ఒక్క పూట కూలి కూడా ఎవరూ వదులుకోరు. అలాంటి రోజున అరవై దాటిన ఓ పెద్దావిడ పని మానుకుని షాపుకొచ్చింది. భర్త పోయాడు. పాత పాసుపుస్తకాన్ని చెదలు తినేశాయి. బావగారి కొడుకులు ‘నీకాడ కాగితం ఉంటే సూపియ్యి’ అంటున్నారు. పన్నెండేళ్ల కిందట బ్యాంకు లోను కోసం భర్త ఆ పుస్తకాన్ని ఇదే షాపులో స్కాన్‌ చేయించాడు. ఆమెకు గుర్తున్నది అంతే.

ఆయన ఊరి పేరు కొట్టాడు. ఏమీ దొరకలేదంది కంప్యూటర్‌.

‘‘లేదు పెద్దమ్మా’’ అన్నాడు.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి భర్త పేరుతో వెతికాడు. ఆ పేరున్న ఫైళ్లు చాలానే వచ్చాయి. అన్నీ వేరేవాళ్లవి.

‘‘లేదు పెద్దమ్మా.’’

‘‘లేకుంటే ఏం జేస్త బిడ్డా... ఆళ్లు పెట్టుమన్నకాడ ఏలుముద్ర పెడ్త’’ అని లేచి వెళ్లిపోయింది.

ఆ మాట ఆయన్ని ఇంటికి వెళ్లనివ్వలేదు. షట్టరు సగం దించి, ఒక్కో ఫోల్డరూ తెరిచి కళ్లతోనే వెతకడం మొదలుపెట్టాడు. రాత్రి రెండింటికి దొరికింది. ‘కోట్‌పల్లి 2013’ అన్న ఫోల్డర్‌లో, ‘స్కాన్‌ 47’ అన్న పేరుతో.

ఫోల్డర్‌ మీద ఉన్నది ఊరి పేరే. ఆయన కొట్టిందీ ఊరి పేరే. మరి రెండు రోజులు ఎందుకు దొరకలేదు?

కనబడని అక్షరం

ఆ ఆదివారం అక్క కొడుకు వచ్చాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్‌ ఉద్యోగం. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. మామ వెతికింది ‘కోట్పల్లి’. ఫోల్డర్‌ మీదున్నది ‘కోట్‌పల్లి’. మొదటిదాంట్లో ‘ప’ ఒత్తుగా మారి ‘ట’ కిందికి దిగిపోయింది. రెండోదాంట్లో పొల్లు నిలబడింది, ‘ప’ పక్కనే నిండుగా ఉంది.

‘‘గంతే గద! రెండూ ఒకటే’’ అన్నాడు మామ.

‘‘మనకు ఒకటే మామా. దానికి కాదు.’’

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచంలోని లిపులన్నిటికీ అంకెలు కేటాయించే యూనికోడ్‌ తొలి రూపం 1991లో వచ్చింది. అందులో తెలుగుకు 128 గదులు ఇచ్చారు. పొల్లు తర్వాత హల్లు వస్తే రెండూ కలిసి ఒత్తయిపోవడం అక్కడి పద్ధతి. అలా కలవకూడదనుకుంటే మధ్యలో మరో గుర్తు పెట్టాలి. దాని పేరు ‘జీరో విడ్త్‌ నాన్‌ జాయినర్‌’. వెడల్పు సున్నా. ఆకారం లేదు. రెండక్షరాలు కలిసిపోకుండా మధ్యలో అడ్డు నిలబడటమే దాని ఉద్యోగం. 2013లో షాపులో పనిచేసిన కుర్రాడి కీబోర్డు దాన్ని పెట్టింది. మామ కీబోర్డు పెట్టలేదు. మన కంటికి రెండూ ఒకే ఊరు. యంత్రం లెక్కలో ఒకటి తొమ్మిది గుర్తులు, రెండోది పది.

‘వికారాబాద్‌’ సంగతి ఇంకా చిత్రం. ఆ గుర్తు మాట చివర ఉన్నా, లేకపోయినా చూపుకి తేడాయే ఉండదు.

ఇక ఇంగ్లీషులో పెట్టిన ఫైళ్ల పేర్లు చూస్తే అల్లుడికి నవ్వాగలేదు. ఒకే ఊరికి చివర వై పెట్టినవి కొన్ని, ఐ పెట్టినవి కొన్ని. ట తర్వాత ఇ చేర్చినవి కొన్ని, ఎ చేర్చినవి ఇంకొన్ని. జిల్లా సంగతి సరేసరి. 2016 అక్టోబరు 11న వికారాబాద్‌ జిల్లా ఏర్పడింది. కోట్‌పల్లి మండలమూ ఆ పునర్విభజనలో వచ్చిందే. అంతకు ముందు ఫైళ్లన్నీ ‘రంగారెడ్డి’ ఖాతాలో ఉన్నాయి. పెళ్లి పత్రికలు, కరపత్రాలది మరో కథ. అవన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కొట్టినవి. వాటి లోపల ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ తెలుగు బొమ్మలు తొడిగారంతే. యూనికోడ్‌లో ‘పెండ్లి’ అని వెతికితే అందులో పెండ్లి కనబడదు.

‘‘నేనొకటి చేసిస్త మామా’’ అన్నాడు అల్లుడు.

కొత్త ప్రోగ్రామేమీ కాదు. ఉచితంగా దొరికే వెతుకుడు సాఫ్ట్‌వేర్‌ షాపులో ఉండనే ఉంది. దానికో యాడ్‌ ఆన్‌. సైకిల్‌కు క్యారియర్‌ బిగించడం లాంటిది. సైకిల్‌ అదే, మోసే బరువు పెరుగుతుంది. ప్రోగ్రామ్‌ రాయడం రెండు ఆదివారాల్లో అయిపోయింది. దాని మొహం ఎలా ఉండాలన్న దగ్గరే నాలుగు ఆదివారాలు పట్టింది.

ఒక్క గడా... నాలుగా?

మొదటి పేచీ గడుల మీద. తెర మధ్యలో ఒకే ఒక్క ఖాళీ గడి పెట్టి తెచ్చాడు అల్లుడు. అతని దగ్గర అందుకు సాక్ష్యాలున్నాయి. 2004 అక్టోబరులో వచ్చిన గూగుల్‌ డెస్క్‌టాప్‌, సొంత కంప్యూటర్‌లోని ఫైళ్లను కూడా ఇంటర్నెట్‌లో వెతికినట్టే ఒక్క గడిలో వెతికించింది. ఆర్నెల్లకు ఆపిల్‌ తన కంప్యూటర్లలో పై మూలన ఓ భూతద్దం బొమ్మ పెట్టి ‘స్పాట్‌లైట్‌’ అంది. దాన్ని నొక్కినా తెరుచుకునేది ఒక్క గడే. కుక్క అడిగినట్టు ‘ఫొటోలా, పాటలా’ అన్న ప్రశ్నలు లేవు.

మామకు అది నచ్చలేదు. ఆయన ఓ కాగితం మీద నాలుగు గడులు గీసి ఉంచాడు. ఊరు, పేరు, పని, సంవత్సరం.

‘‘వచ్చినోళ్లు నాకు ఒక్క మాట జెప్తరా? ‘మా పెద్దబిడ్డ పెండ్లయిన యాడాది’ అంటరు. ‘వాన ఎక్కువ పడ్డ యాడాది’ అంటరు. అది ఏ యాడాదో నాకెరుక. నీ ఒక్క డబ్బాల అది ఏడ కొట్టాలె?’’

‘‘నాలుగు డబ్బాలు కనబడితే నాలుగూ నింపబుద్ధయితది మామా. మూడు కరెక్టు కొట్టి ఒక్కటి తప్పు కొట్టినా సున్నా వస్తది. పెద్దమ్మది యాడాది తప్పు చెప్పి ఉంటే?’’

ఇద్దరి మాటా నిజమే. తెలిసినదాన్ని చెప్పడానికి చోటు కావాలి. తెలియనిదాన్ని నింపమని బలవంతం చేయకూడదు. ఈ చిక్కుముడి కంప్యూటర్ల కంటే పాతది. మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్‌ ఎస్‌.ఆర్‌.రంగనాథన్‌ 1933లో తన ‘కోలన్‌ క్లాసిఫికేషన్‌’తో దీనికో దారి వేశారు. పుస్తకాన్ని ఒకే అరకు కట్టేయకుండా, దాని విషయాన్ని ముఖాలుగా విడదీసి చూడాలన్నారు. ఏ వస్తువు, ఏ పని, ఏ చోటు, ఏ కాలం... ఏ ముఖం తెలిస్తే అటు నుంచే వెళ్లొచ్చు. షాపింగ్‌ సైట్లలో ధర, రంగు, సైజు అంటూ పక్కన కనిపించే బొత్తాలు ఆ ఆలోచనకు మనవళ్లే.

కోట్‌పల్లి షాపులోనూ రాజీ అక్కడే కుదిరింది. ముందు ఒక్క గడి. ఫైళ్లు ఎక్కువ వస్తేనే కింద ఊళ్లూ, సంవత్సరాలూ బొత్తాలుగా వస్తాయి. ఒక్కోదాని పక్కన ఎన్ని ఫైళ్లున్నాయో అంకె ఉంటుంది. ఖాళీ ఉన్నవి కనబడవు. తెలిసింది నొక్కొచ్చు, తెలియంది వదిలేయొచ్చు.

గడి పక్కన బొత్తాం మీద ఏం రాయాలన్నదానికి ఇంకో గంట. అల్లుడు ‘శోధించు’ అని రాశాడు.

‘‘గిదేం మాటరా! మనోళ్లెవరన్న గట్లంటరా?’’

ఆ బొత్తాం మీద ఇప్పుడు ‘దేవులాడు’ అని ఉంది.

దగ్గరి పేరు... దూరపు మనిషి

మూడో ఆదివారం అల్లుడు ఉత్సాహంగా వచ్చాడు. ఇక స్పెల్లింగ్‌ తప్పినా పర్లేదన్నాడు. ఒక మాటను ఇంకో మాటగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అన్న లెక్కను 1965లో రష్యన్‌ గణిత శాస్త్రవేత్త వ్లాదిమిర్‌ లెవెన్‌స్టీన్‌ ఇచ్చాడు. ఆ లెక్క తక్కువుంటే దగ్గరి మాటలన్నమాట. అంతకన్నా ముందు 1918లోనే అమెరికాలో ‘సౌండెక్స్‌’ పద్ధతికి పేటెంట్‌ వచ్చింది. ఒకేలా పలికే పేర్లను, స్పెల్లింగ్‌ ఏదైనా, ఒకే గుంపులో వేస్తుందది. ఇలాంటి ఉపాయాలన్నీ కలిపాడు అల్లుడు.

మామ ఒక పేరు కొట్టాడు. తెర నిండిపోయింది. లక్ష్మయ్యతో పాటు లక్ష్మమ్మ కూడా వచ్చి కూర్చుంది!

‘‘ఎన్ని దొరికినయో చూసినవా?’’ అన్నాడు అల్లుడు.

‘‘చూసిన. దొర్కకపోతే మళ్ల దేవులాడుత. తప్పుది దొరికితే?’’

అల్లుడు ఆగాడు. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు ఆ ప్రశ్న అంతగా భయపెట్టదు. హోటల్‌ బదులు ఇంకో హోటల్‌ వస్తే నవ్వుకుని పక్కకు జరుపుతాం. ఇక్కడ మనిషి బదులు ఇంకో మనిషి వస్తాడు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, తండ్రి పేరు మాత్రం వేరు. తొందరలో ఒకరి భూమి కాగితం ప్రింటు తీసి ఇంకొకరి చేతిలో పెడితే, అది ఎక్కడెక్కడ తిరిగి ఏ గొడవకు మొదలవుతుందో చెప్పలేం.

అలాగని అక్షరం అక్షరం కలిస్తేనే చూపిస్తానంటే మళ్లీ పెద్దమ్మ కథే.

ఆ రోజంతా మాట్లాడుకుంటే ఒక గీత దొరికింది. ఊరి పేరు విషయంలో యంత్రం ఎంత ఉదారంగా ఉన్నా నష్టం లేదు. పొల్లు, ఒత్తు, కనబడని గుర్తు, వై, ఐ... అన్నీ ఒకటే కోట్‌పల్లి. పాత జిల్లా, కొత్త జిల్లా కూడా ఒకటే. మనిషి పేరు విషయంలో మాత్రం ఆ ఉదారత పనికిరాదు. సరిగ్గా కలిసినవి పైన. మధ్యలో ఓ ఎర్ర గీత. కింద ‘ఇసొంటి పేర్లు’ అని విడిగా మిగతావి. గీత కింది ఫైలును ప్రింటుకు పంపితే, తండ్రి లేదా భర్త పేరు చూశారా అని తెర అడుగుతుంది. చూశానని నొక్కితేనే కాగితం బయటికొస్తుంది.

‘‘ఒక నొక్కుడు ఎక్కువైతది మామా’’ అన్నాడు అల్లుడు. నొక్కుళ్లు తగ్గించడమే అతని ఉద్యోగం మరి.

‘‘కానియ్యి.’’

బెంచీ మీది కళ్లు

నాలుగో వారం ఫైలు పేరు పక్కన దాని బొమ్మ కూడా చిన్నగా కనిపించేలా చేశాడు అల్లుడు. ‘స్కాన్‌ 47’ లాంటి పేర్లకు అదే మందు. తెరవకుండానే పాసుపుస్తకమో, పెళ్లి పత్రికో తెలిసిపోతుంది. మామ మెచ్చుకున్నాడు. తర్వాత లేచి వెళ్లి, కస్టమర్లు కూర్చునే బెంచీ మీద కూర్చున్నాడు.

అక్కడి నుంచి అన్నీ కనిపిస్తున్నాయి. ఒకరి ఆధార్‌ ఫొటో, ఇంకొకరి బ్యాంకు పుస్తకం, మూడో ఇంటివాళ్ల విడాకుల కాగితం.

ఇది ఒక్క కోట్‌పల్లి షాపు తలనొప్పి కాదు. 2006లో గూగుల్‌ డెస్క్‌టాప్‌ ఒక కంప్యూటర్‌లోని ఫైళ్లను మరో కంప్యూటర్‌ నుంచి వెతికే సౌకర్యం తెచ్చినప్పుడు, అందుకోసం ఫైళ్లలోని రాత గూగుల్‌ సర్వర్లకు చేరుతుందని తెలిసి అమెరికాలోని ఎలక్ట్రానిక్‌ ఫ్రాంటియర్‌ ఫౌండేషన్‌ వాడొద్దని హెచ్చరించింది. ఆ ప్రోగ్రామ్‌నే 2011లో గూగుల్‌ మూసేసింది. 2012 అక్టోబరులో ఉబుంటు వింత ఇంకోటి. సొంత ఫైలు కోసం మాట కొడితే ఆ మాట బయటి సర్వర్‌కు వెళ్లి, ఫైళ్లతో పాటు అమెజాన్‌ సరుకులూ తెచ్చేది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ ఉద్యమకారుడు రిచర్డ్‌ స్టాల్‌మన్‌ దాన్ని గూఢచర్యంతో సమానమన్నాడు. 2016లో వచ్చిన ఉబుంటులో అది మొదటి నుంచే ఆపేసి ఉంది.

అందుకే దేవులాటకు ఇంటర్నెట్‌ అక్కర్లేదు. బొమ్మలు మసకగా ఉంటాయి. మౌస్‌ బాణం పెట్టినదొక్కటే తేటపడుతుంది.

అక్కడితో అయిపోలేదు. ‘‘ఇవన్నీ ఉంచుకోవచ్చునా మామా?’’ అని అడిగాడు అల్లుడు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్‌ సమాచార రక్షణ చట్టం చేసింది. అది లేకపోయినా ప్రశ్న ప్రశ్నే. మామ తడబడ్డాడు. పని అయిపోగానే అన్నీ చెరిపేసి ఉంటే పెద్దమ్మ కాగితం ఈరోజు ఉండేది కాదు. చెరపకపోతే ఊరందరి రహస్యాలూ ఒక్క తాళం వెనక. చివరికి స్కాన్‌ చేసేటప్పుడే అడగాలని నిర్ణయించారు. ‘ఉంచాలా, తీసేయాలా?’ ఉంచమన్నదే ఉంటుంది. ఆధార్‌ కాపీలు సాయంత్రానికి పోతాయి.

ఖాళీ తెర

ఇక మిగిలింది ఒక్కటే. వెతికిందేదీ దొరకనప్పుడు తెర మీద ఏం రాయాలి? అల్లుడి దృష్టిలో అది రెండు నిమిషాల పని. ‘ఫలితాలు లేవు’ అని రాసి తెచ్చాడు.

మామ చాలాసేపు ఆ తెర వంకే చూశాడు.

‘‘ఆ మాట రాయకురా.’’

‘‘ఎందుకు మామా?’’

‘‘అది లేదన్నది, నేను లేదన్న. పెద్దమ్మ నా మాట నమ్మింది. దాని మాట నేను నమ్మిన. లేదని దానికెట్ల తెలుసు? దానికి కనబడలే. కనబడలేదని చెప్పాలె గద?’’

అల్లుడి దగ్గర వెంటనే జవాబు లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో దొరికినవాటిని ఎలా చూపించాలన్నదాని మీదే మీటింగులు కూర్చున్నాడు. దొరకనిదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నిజానికి కంప్యూటర్‌ ముందు కూర్చున్న మనిషి దాని మాటను అక్కడే ఉంచడు. బల్లకు అవతల ఉన్నవాళ్లకు తన మాటగా అందిస్తాడు. తెర మీది పొడి మాట బల్ల దాటేసరికి తీర్పయిపోతుంది.

కొత్త తెర అలా తయారైంది. పైన పెద్దక్షరాల్లో ‘కనబడలేదు’. దాని కింద ‘ఇక్కడ చూసిన’ అని వెతికిన ఫోల్డర్ల జాబితా. ఆ కింద ‘ఇక్కడ చూడలేదు’ అని ఇంకో జాబితా: అను ఫైళ్ల లోపల, స్కాన్‌ బొమ్మల లోపల, ఇప్పుడు కంప్యూటర్‌కు తగిలించని పాత హార్డ్‌డిస్కులో.

‘‘గింత పొడుగు ఎవరు చదువుతరు మామా?’’

‘‘నేను చదువుత. చదివి వచ్చినోళ్లకు చెప్త.’’

పెద్దమ్మ చేతికి మూడో రోజు పొద్దున్నే ‘స్కాన్‌ 47’ ప్రింటు అందింది. ఆ కాపీకి ఎంత విలువో తేల్చేది ఆఫీసులు. కానీ అందులో ఖాతా నంబరుంది, సర్వే నంబర్లున్నాయి. వాటితో పాత పహాణీల నకళ్ల కోసం తహసీల్దారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తు కొట్టింది కూడా ఈ షాపులోనే. భూమి మాట ఇంకా తేలలేదు. వేలిముద్ర మాత్రం ఎక్కడా వేయలేదు.

ఆరో ఆదివారం బయల్దేరేముందు అల్లుడు సరదాగా అడిగాడు... మూలన ఆ పాత కుక్క బొమ్మ కూడా పెట్టేయనా అని.

‘‘వద్దురా. అది దొరికినా తోక ఊపుతుండె, దొర్కకున్నా ఊపుతుండె’’ అన్నాడు మామ.

మర్నాడు ఒకాయన తన కూతురి పెళ్లి పత్రిక పాత కాపీ కావాలని వచ్చాడు. పేరు కొట్టి ‘దేవులాడు’ నొక్కితే ‘కనబడలేదు’ అని వచ్చింది. మామ కింది దాకా చదివాడు.

‘‘రేపు రాండ్రి. పాత డిస్కు తీసి చూస్త.’’